తాతగారి మౌజర్: రిసీవర్ మీద ఒక పేరు, బారెల్ లోపల ఇంకో కొలత

ప్రశ్న: మాది మలక్‌పేట. తాతగారి కాలం నాటి బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఒకటి ఇంట్లో ఉంది. లైసెన్సు ఈమధ్యే నా పేరుకి మారింది, అందులో .30-06 అని ఉంది. రిసీవర్ ఎడమ పక్కన "మోడ్. 98" అని కనిపిస్తోంది, పైన ఏదో ముద్ర అరగదీసినట్టుంది. బారెల్ నున్నగా ఉంది, దాని మీద 30-06 అన్న అంకెలు తప్ప ఇంకేమీ లేవు. దుకాణంలో చూపిస్తే "ఒరిజినల్ జర్మన్ ఆర్మీ పీసు సార్" అన్నారు. స్కోప్, కొత్త ట్రిగ్గర్, కొత్త స్టాక్ వేయించాలని ఉంది. ముందు ఏది చేయించాలి, ఎంతవుతుంది?

జవాబు:

ముందు ఏదీ చేయించకండి. బారెల్ లోపల ఏముందో కొలిపించాకే మిగతా మాట.

దుకాణంలో చెప్పినదీ మీ లైసెన్సులో ఉన్నదీ రెండూ ఒకేసారి నిజం కావు. జర్మన్ సైన్యం వాడింది 7.92 మిల్లీమీటర్ల తూటా, అంటే 8×57. .30-06 అమెరికా సైన్యం 1906లో తీసుకున్న తూటా. జర్మన్ రిసీవర్‌లో (బోల్టు కదిలే ఉక్కు డొల్లలో) .30-06 ఉందంటే మధ్యలో ఎవరో బారెల్ మార్చారు, లేదా ఉన్న బారెల్‌కే చాంబర్ (తూటా కూర్చునే గది) తిరగతోడారు. మన ఊళ్ళో అంబాసిడర్లకి ఇసుజు డీజిల్ ఇంజన్లు ఎక్కించిన రోజులు గుర్తున్నాయా? పైన బాడీ చూసి లోపల ఇంజను చెప్పలేం. ఇదీ అంతే. రిసీవర్ చరిత్ర చెబుతుంది. ఏ తూటా వెయ్యాలో చెప్పేది బారెల్ ఒక్కటే, అదీ పైన చెక్కిన అంకెలు కాదు, లోపలి కొలత.

రిసీవర్ సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మీరు ఇచ్చిన వివరాలతోనే చాలావరకు తేలిపోయింది. ఎడమ గోడ మీద "మోడ్. 98" అని ఉంటే అది జర్మన్ సైన్యం 1935లో స్వీకరించిన కె98కె రకం మౌజర్ రైఫిల్. మొదటి ప్రపంచ యుద్ధం నాటి పొడుగు రైఫిల్ అయితే అదే చోట "గెవ్. 98" అని ఉంటుంది. పైన అరగదీసినట్టున్నది బహుశా ఏ దేశపు రాజముద్రా కాదు. తుర్కీ, ఇరాన్, అర్జెంటీనా లాంటి దేశాలకి చేసిచ్చిన మౌజర్ల మీదే నెలవంకో సింహమో ఏదో ఒక చిహ్నం ఉంటుంది. కె98కె రిసీవర్ పైన ఉండేది ఫ్యాక్టరీ కోడు, సంవత్సరం. "బి.వై.ఎఫ్" అంటే ఓబర్న్‌డార్ఫ్‌లోని మౌజర్ ఫ్యాక్టరీ, "బి.ఎన్.జెడ్" అంటే ఆస్ట్రియాలోని స్టైయర్, "డి.ఓ.టి" అంటే బ్రనో. గది లైటు ఆర్పేసి టార్చిని రిసీవర్ పక్కనుంచి, దాదాపు అడ్డంగా పట్టి చూడండి. బాగా పాలిష్ చేసినా అక్షరాల అడుగు గీతలు చాలాసార్లు మిగిలే ఉంటాయి. కుడి పక్కన చిన్న గద్ద ముద్రలు ఒకటి రెండు కనిపించినా ఆశ్చర్యం లేదు.

ఈ రైఫిల్ మన ఊరికి ఎలా వచ్చిందని అడిగితే హైదరాబాద్‌లో కథలకి కొదవ లేదు. 1948లో ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్ కరాచీ నుంచి నిజాంకి విమానాల్లో ఆయుధాలు మోసిన మాట నిజమే. అంతమాత్రాన పాతబస్తీలో కనిపించే ప్రతి పాత రైఫిల్‌నీ ఆ విమానంలోంచే దించారంటే ఎలా? యుద్ధం అయ్యాక యూరప్‌లో గుట్టలుగా మిగిలిన మౌజర్లని కొని, పైన కొత్త బారెల్, కొత్త స్టాక్ వేసి వేట రైఫిళ్ళుగా అమ్మిన కంపెనీలు ఉన్నాయి. బర్మింగ్‌హామ్‌లోని పార్కర్ హేల్ వాటిలో పేరున్నది. మీది అలాంటి ఇంగ్లీషు పనో, లేక ఎక్కడో చిన్న వర్క్‌షాపులో చేసిన పనో తేల్చేది బారెల్ అడుగు భాగం. గన్‌స్మిత్ స్టాక్ విప్పినప్పుడు పక్కనే ఉండి చూడండి. ఇంగ్లండ్‌లో ప్రూఫ్ చేసిన బారెల్ అయితే కిరీటం గుర్తుతో బర్మింగ్‌హామ్ లేదా లండన్ ప్రూఫ్ ముద్ర, తూటా పేరు, కేసు (తూటా ఇత్తడి గొట్టం) పొడవు, ఎన్ని టన్నుల పీడనానికి పరీక్షించారన్న అంకె ఉంటాయి. ఆ ముద్ర బారెల్ మీదే కాదు, రిసీవర్, బోల్టు మీద కూడా ఉంటే మంచి సంకేతం. ఏ ముద్రా లేదా? అప్పుడు ఆ "30-06" అంకెలు ఎవరు కొట్టినవో, ఏం చూసి కొట్టారో తెలియదన్నమాటే.

ఇక అసలు విషయం, బారెల్. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

కె98కె అసలు బారెల్ పొడవు 60 సెంటీమీటర్లు, పైన మెట్లు మెట్లుగా ఉంటుంది. మీది నున్నగా ఉందన్నారు. నున్నగా ఉంటే కొత్త బారెల్ అని చాలామంది తేల్చేస్తారు. అలా అనుకోవద్దు. పాత మిలిటరీ బారెల్‌నే లేత్ మీద పెట్టి మెట్లు చెక్కేసి, చాంబర్‌ని .30-06 కేసు పొడవుకి తోడేసిన రైఫిళ్ళు కూడా ఉన్నాయి. అమెరికాలో దీన్ని 8 మి.మీ.-06 అంటారు. చాంబర్ చూస్తే .30-06 లాగే ఉంటుంది, బోరు, అంటే బారెల్ లోపలి రంధ్రం, మాత్రం ఇంకా 8 మిల్లీమీటర్లదే. అందులో మామూలు .30-06 తూటా వేస్తే గుండు బోరు కంటే సన్నం. రైఫ్లింగ్ (గుండుని తిప్పే మెలికల గాళ్ళు) పట్టదు, గ్యాసు పక్కల నుంచి పోతుంది, గురి ఎక్కడికో పోతుంది. బారెల్ పాడైపోయిందని జనం అనుకుంటారు.

దీన్ని పట్టుకోవడానికి రెండు కొలతలు చాలు. రైఫిల్ ఖాళీగా ఉందని చూసి, బోల్టు బయటికి తీసేశాక, మూతి దగ్గర రైఫ్లింగ్ గట్ల మధ్య వ్యాసం డిజిటల్ వెర్నియర్‌తో కొలవాలి. .30 బోరు అయితే 7.62 దగ్గర వస్తుంది, 8 మి.మీ. బోరు అయితే 7.9 దగ్గర. తేడా మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేదు కానీ మంచి వెర్నియర్‌కి అది చాలా పెద్ద తేడా. రెండోది, నాన్నగారో తాతగారో కాల్చిన ఖాళీ కేసులు ఇంట్లో ఏ డబ్బాలోనైనా దొరుకుతాయేమో చూడండి. కేసు చాంబర్ లోపల వ్యాకోచించి దాని ఆకారమే తీసుకుంటుంది కాబట్టి అది చాంబర్‌కి అచ్చులాంటిది. సరైన .30-06 చాంబర్‌లో కాల్చిన కేసు మెడ బయటి కొలత సుమారు 8.7 మిల్లీమీటర్లు ఉంటుంది. 9 దగ్గరికి పోయిందంటే మెడ వెడల్పుగా తోడారని అనుమానించాలి. కేసు భుజం ఉండాల్సిన చోట కాక ముందుకో వెనక్కో ఉన్నా, అడుగుకి కాస్త పైన చుట్టూ మెరిసే గీత ఉన్నా, ఆ కేసుని దాచి గన్‌స్మిత్‌కి చూపించండి. ఆ గీత కేసు తెగిపోవడానికి ముందు వచ్చే గుర్తు.

ఇవి ప్రాథమిక పరీక్షలే. ఖాయంగా తేల్చేది చాంబర్ కాస్ట్. సెర్రోసేఫ్ అనే బిస్మత్ మిశ్రలోహం వేడినీళ్ళ కంటే తక్కువ వేడికే కరుగుతుంది. దాన్ని చాంబర్‌లో పోసి, గడ్డకట్టాక తీసి కొలుస్తారు. పాతకాలం మిస్త్రీలు గంధకంతో ఇదే పని చేసేవాళ్ళు. లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గర ఇది పెద్ద పనేం కాదు. "అంత అవసరమా సార్, మీద రాసుందిగా" అనే మనిషైతే రైఫిల్ వెనక్కి తీసుకుని వచ్చేయండి.

అదే రోజు హెడ్‌స్పేస్ కూడా చూపించాలి. తూటా చాంబర్‌లో కూర్చున్నాక బోల్టు ముఖానికీ దానికీ మధ్య ఎంత ఖాళీ ఉందన్న లెక్క ఇది. దీనికి గో, నో-గో అని తూటా ఆకారంలో రెండు ఉక్కు గేజిలుంటాయి. గో గేజి మీద బోల్టు మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు. ఈ రెండు గేజిలకీ తేడా .30-06లో 0.006 అంగుళం, అంటే సుమారు 0.15 మిల్లీమీటరు. కంటితో చూసి, బోల్టు కదిలించి చూసి "బాగానే ఉంది" అని చెప్పే కొలత కాదిది. బారెల్ మార్చిన మౌజర్లలో చాలాసార్లు బోల్టు కూడా ఇంకో రైఫిల్‌ది అయ్యుంటుంది. రిసీవర్ ఎడమ పక్కన ఉన్న నంబరూ బోల్టు పిడి మొదట్లో ఉన్న నంబరూ ఒకటేనా? జర్మన్ నంబర్లు ఎక్కువగా నాలుగంకెలు, కింద ఒక చిన్న అక్షరం. కలవకపోతే కొంప మునిగిందని కాదు, హెడ్‌స్పేస్ పరీక్ష తప్పనిసరి అని అర్థం.

బోల్టు బయటికి తీసినప్పుడు దాన్ని చేతిలో పట్టుకుని తీరిగ్గా చూడండి. ముందు వైపు రెండు పెద్ద లగ్గులు (బోల్టుకి తాళంలా పనిచేసే దిమ్మెలు), పిడి దగ్గర మూడో చిన్న లగ్గు ఉంటే అది నిజమైన 98 బోల్టు. మూడోది లేకపోతే అది అంతకుముందు తరం, 1893, 95, 96 రకాల నుంచి వచ్చిందేమో చూడాలి. ఆ పాత రకాలు .30-06 పీడనం కోసం చేసినవి కావు. ముందు లగ్గుల వెనక ముఖాలు చూస్తే అక్కడ నల్లరంగు అరిగి మెరుస్తుంటుంది. రెండింటి మీదా మెరుపు సమానంగా ఉంటే రెండూ భారం మోస్తున్నాయి. ఒకదాని మీద నిలువెల్లా మెరుపు, ఇంకోదాని మీద పాత నలుపు అలాగే ఉందంటే ఒక్క లగ్గే దెబ్బలు తింటోంది. ఇవన్నీ పైపై గట్టితనం ఇచ్చిన మెత్తని ఉక్కు రిసీవర్లు. ఆ పొర దాటితే లగ్గు కూర్చునే చోట లోపలికి గుంట పడుతుంది, హెడ్‌స్పేస్ పెరుగుతూ పోతుంది. కాల్చాక బోల్టు ఎత్తడం బిగుసుగా ఉంటే, మొదట అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి.

ఇంకో చోటు కూడా చూపించండి. .30-06 తూటా 8×57 కంటే పొడుగు. అది మౌజర్ మ్యాగజైన్‌లో పట్టాలంటే పెట్టె ముందు గోడనీ, తూటా పైకి జారే ర్యాంపునీ కొంచెం చెక్కాలి. ఎంత చెక్కారన్నదే మంచి పనికీ చెత్త పనికీ తేడా. ర్యాంపుని అంటుకునే కింది లగ్గు ఆనుకునే చోటుంది. చెక్కుతూ చెక్కుతూ అక్కడిదాకా పోతే ఆ లగ్గుకి ఆధారం తగ్గిపోతుంది. దీనికి మరమ్మతు లేదు, ఆ రిసీవర్‌ని గోడకి తగిలించుకోవడమే.

తూటాల మీద ఒక్క హెచ్చరిక. 8×57 తూటా .30-06 చాంబర్‌లో దూరుతుంది, బోల్టు మూసుకుపోయే అవకాశం కూడా ఉంది. 8.2 మిల్లీమీటర్ల గుండుని 7.62 మిల్లీమీటర్ల బోరులోకి తోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తాతగారి అల్మారాలో పేరు తెలియని పాత తూటాలు దొరికితే వేసి చూడొద్దు, అవి లైసెన్సు లెక్కలో ఉన్నాయో లేదో ముందు చూసుకోండి.

ఇది చదివేవాళ్ళలో మౌజర్ కాక లీ ఎన్‌ఫీల్డ్ ఉన్నవాళ్ళు ఉంటారు కాబట్టి క్లుప్తంగా: .303 మన దేశంలో నిషిద్ధ బోరు. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే .315 రైఫిళ్ళు మామూలు లైసెన్సులో వస్తాయి. దీనికి కారణం బ్రిటిష్ కాలం నాటిదే, సైన్యం తూటా జనం చేతికి పోకూడదని. ఆ రెండింటికీ తేడా కూడా బారెల్ కొలతతోనే తేలుతుంది, ఆకారంతో కాదు.

కాగితాల సంగతి. లైసెన్సులో ఉన్న బోరు, నంబరు రైఫిల్‌తో సరిగ్గా కలవాలి. కొలతలో బోరు వేరే తేలితే ఒక్క తూటా కూడా కాల్చకండి. గన్‌స్మిత్ చేత రాయించుకుని, సిటీ పరిధి అయితే పోలీస్ కమిషనర్ ఆఫీసులో లైసెన్సులు చూసే విభాగానికి మీరే వెళ్ళి చెప్పండి. తర్వాత వాళ్ళంతట వాళ్ళు పట్టుకునేదాకా ఆగితే అదే విషయం నేరంగా కనబడుతుంది. ఆయుధ చట్టంలో ఆయుధం అన్న మాటలో దాని భాగాలు కూడా చేరతాయి. అమెరికన్ వెబ్‌సైట్‌లో నచ్చిన బారెల్‌నో బోల్టునో కార్ట్‌లో వేసి ఆర్డరు కొడితే అది ఆయుధం దిగుమతి కిందికి వస్తుంది. శబ్దం తగ్గించే సైలెన్సర్‌ని చట్టం తుపాకీ కిందే లెక్కేస్తుంది, ఆ ఊసే వద్దు. బారెల్ మార్చడం, బోరు మార్చడం లాంటివి లైసెన్సున్న చోటే, అనుమతితోనే. మీ చుట్టాల్లో లేత్ ఉన్న బాబాయి ఎంత పనిమంతుడైనా సరే, ఇది ఆయనకి అప్పజెప్పే పని కాదు.

సరే, కొలతలన్నీ సరిగ్గా వచ్చాయనుకుందాం. ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ముందు ఏది?

మొదట బెడ్డింగ్, అంటే రిసీవర్ స్టాక్‌లో కదలకుండా కూర్చునేలా చేయడం. రిసీవర్ కింది రీకాయిల్ లగ్ (వెనక్కి తన్నే దెబ్బని ఆపే దిమ్మె) స్టాక్‌లోని చెక్కకి గట్టిగా ఆనాలి. పాత చెక్కలో నూనె ఇంకి ఇంకి ఆ చోటు మెత్తబడి ఉంటుంది. పైగా మన ఎండాకాలానికి చెక్క ఎండి కుంచించుకుంటుంది, వానాకాలంలో ఉబ్బి బారెల్‌ని ఒక పక్కకి నెడుతుంది. ఏప్రిల్‌లో ఒకచోట, ఆగస్టులో ఇంకోచోట గుండు పడుతోందని బాధపడే రైఫిళ్ళలో సగం జబ్బు ఇదే. మంచి ఎపాక్సీ బెడ్డింగ్, రెండు యాక్షన్ స్క్రూలూ సమానంగా బిగించడం, బారెల్‌కీ చెక్కకీ మధ్య కాస్త ఖాళీ. ఇది చేయిస్తే కొత్త స్టాక్ అవసరమే రాకపోవచ్చు. ఆ పాత అక్రోటు కర్రకి పగుళ్ళు లేకపోతే మాత్రం మార్చొద్దు. ఇప్పుడు అంత ఎండిన అక్రోటు దొరకడం కష్టం. భుజానికి దెబ్బ ఎక్కువగా ఉంటే రబ్బరు ప్యాడ్ వేయించుకోండి.

ట్రిగ్గర్ విషయంలో మీతో ఏకీభవించను. మౌజర్ మిలిటరీ ట్రిగ్గర్ రెండంచెలది. మొదట కొంత దూరం తేలిగ్గా వస్తుంది, తర్వాత ఆగి, అక్కడి నుంచి స్పష్టంగా తెగుతుంది. దీనికి అలవాటు పడనివాళ్ళు దాన్ని పాడైన ట్రిగ్గర్ అంటారు. మురికి కడిగి, స్ప్రింగు చూసి, కొన్ని వందల సార్లు స్నాప్ క్యాప్‌తో (ఉత్తుత్తి తూటాతో) సాధన చేశాక కూడా నచ్చకపోతే అప్పుడు చూద్దాం. టిమ్నీ లాంటి కంపెనీలు 98 కోసం చేసే ట్రిగ్గర్లు మంచివే. బిగించినవాడు తేలిక కోసం సియర్ (పిన్నుని పట్టి ఉంచే ముక్క) పట్టు మరీ తగ్గించాడంటే మాత్రం, బోల్టు గట్టిగా మూసినా చాలు తుపాకీ పేలే ప్రమాదం ఉంది. పాత ట్రిగ్గర్‌ని రాళ్ళతో అరగదీసి తేలిక చేస్తానన్నవాణ్ణి కూడా నమ్మొద్దు, ఫలితం అదే.

స్కోప్‌కి మీరు అనుకున్నదానికంటే ఎక్కువ పని ఉంది. మౌజర్ సేఫ్టీ జెండాలాగా పైకి తిరుగుతుంది, నిలువుగా నిలబడ్డప్పుడు స్కోప్‌కి తగులుతుంది, కాబట్టి పక్కకి తిరిగే సేఫ్టీ కావాలి. బోల్టు పిడి పైకి లేచినప్పుడు అదీ తగులుతుంది. దాన్ని వంచడానికి ఎర్రగా కాలిస్తే వేడి ముందుకి పాకి బోల్టు కాకింగ్ క్యామ్‌నీ (పిన్నుని వెనక్కి నెట్టే వాలునీ) లగ్గులనీ మెత్తబరుస్తుంది. పనితెలిసినవాళ్ళు ఆ భాగాన్ని చల్లగా ఉంచే ఏర్పాటుతోనే చేస్తారు. రిసీవర్ వెనక భాగం మీద తూటాల క్లిప్పు పెట్టే ఎత్తు ఉంటే చెక్కేయాలి. ఆపైన రిసీవర్‌లో రంధ్రాలు. గట్టి పొర మీద డ్రిల్లు జారుతుంది, ట్యాపు విరుగుతుంది, రంధ్రాలు వరస తప్పితే స్కోప్ ఎప్పటికీ వంకరే. ఇవన్నీ వెనక్కి తిప్పలేని పనులు. మీ రైఫిల్‌కి ఇదివరకే రంధ్రాలుంటే, పిడి వంచి ఉంటే స్కోప్ పెట్టించుకోండి. లేకపోతే వెనక రంధ్రపు సైటు ఒకటి వేయించుకోమంటాను. యాభై, వంద మీటర్లకి అది ఎంత బాగా పనిచేస్తుందో చాలామందికి తెలియదు.

ఎందుకంటే మీరు దీన్ని కాల్చేది రేంజిలోనే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట ముగిసిన కథ. మన దగ్గర హెచ్‌సీయూ ప్రాంగణంలో షూటింగ్ రేంజి ఉంది. అయితే ఏ రేంజికి వెళ్ళినా పెద్ద బోరు అనుమతిస్తారా, ఏ దూరం ఉంది అన్నది ముందే అడిగి, లైసెన్సు పట్టుకుని వెళ్ళండి. మొదటిసారి కాల్చేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి. 98 బోల్టులో గ్యాసు పక్కకి పోయే రంధ్రాలున్నాయి, వెనక తూముకి అడ్డు రేకు ఉంది, అయినా కన్ను మీదేగా.

నిల్వ గురించి అడగలేదు కానీ చెబుతాను. చాలా పాత బారెళ్ళు కాల్చి పోలేదు, తుప్పు పట్టి పోయాయి. లోపల ఉన్ని గుడ్డ ఉన్న తోలు సంచిలో వానాకాలం పెట్టేస్తే చాలు, బయటికి నిగనిగలాడుతూనే లోపల గుంటలు పడతాయి. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో జమ చేసి తిరిగి తెచ్చుకున్న రైఫిళ్ళలో ఇది బాగా చూస్తాం. ఇచ్చే ముందు బోరుకి పల్చగా నూనె రాసి ఇవ్వండి, తెచ్చుకున్న రోజే తుడవండి, కాల్చే ముందు బోరు పొడిగా తుడిచి చూడండి.

ఎంతవుతుంది అన్నారు. స్టాక్ విప్పకుండా అంకె చెప్పేవాడి మాట లెక్కలోకి తీసుకోకండి. కాస్ట్, హెడ్‌స్పేస్, బెడ్డింగ్ మూడింటికీ విడిగా రేటు చెప్పమని అడగండి, స్కోప్ పనికి వేరేగా. తీసేసిన ప్రతి భాగాన్నీ, పాత సేఫ్టీ, పాత స్క్రూలతో సహా, కవర్లో వేయించి ఇంటికి తెచ్చుకోండి. మూతి కొలత, కాల్చిన కేసు మెడ కొలత, బారెల్ అడుగున ఏ ముద్రలున్నాయి, ఈ మూడూ తెలిశాక చెప్పండి, అది ఎవరి పనో అప్పుడు చూద్దాం. రైఫిల్ నంబరు మాత్రం ఎవరికీ పూర్తిగా ఇవ్వకండి.